రిసోటోనా, కాంజీనా, కొషారీనా? బెంగళూరు వానకి ఏది మేలు?

సాయంత్రం వాన మొదలైతే మా ఇంట్లో ఒకటే గొడవ. మా ఆయన ఇటలీ వాళ్ల రిసోటో అంటారు, నేను చైనా వాళ్ల గంజి, అదే కాంజీ అంటాను. రెండూ బియ్యమే, రెండూ జారుగానే ఉంటాయి, కానీ పొయ్యి దగ్గర మాత్రం రెంటికీ పొంతనే లేదు.

ముందు రిసోటో. ఇటలీలో ఆర్బోరియో అనే ఊరి పేరు పెట్టిన పొట్టి, లావు గింజల బియ్యం కావాలి. సోనా మసూరితో ఒకసారి చేశాం, పెద్ద నష్టమేమీ లేదు, మిరియాలు వేసుకుని పొంగలి అనుకుని తినేశాం. ఇంకోసారి అసలు బియ్యమే కొన్నాం, అంత డబ్బు పోసి తెచ్చాక నేను అలవాటుకొద్దీ మూడు నీళ్లు పోసి కడిగేశాను! ఆ గింజ పైనున్న పిండే రిసోటోకి చిక్కదనం, అది కాస్తా సింక్‌లోకి పోయింది. కడగకుండా బియ్యం పొయ్యి మీద పెట్టడానికి ఇప్పటికీ చెయ్యి రాదు నాకు. వెన్నలో ఉల్లిపాయ, తర్వాత బియ్యం వేసి, అంచులు అద్దంలా అయి మధ్యలో తెల్లచుక్క మిగిలేదాకా వేయించాలి, ఆపైన కూరగాయలు ఉడికించిన వేడినీళ్లు గరిటెడు గరిటెడు పోస్తూ కలుపుతూనే ఉండాలి. 18 నిమిషాలని రాస్తారు గానీ సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న మన ఊళ్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి నాలుగు నిమిషాలు ఎక్కువే పడుతుంది. దించాక వెన్న, పార్మెజాన్ చీజ్. శాకాహారులు ఆ చీజ్ డబ్బా మీద ఏం రాశారో చూసుకోండి, అసలైనదాంట్లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

కాంజీకి ఈ టెన్షన్లేవీ లేవు. గ్లాసు బియ్యానికి ఎనిమిది గ్లాసుల నీళ్లు, కుక్కర్ సగానికి మించకుండా, సన్నటి సెగ మీద, అంతే. చైనాలో దీన్ని గింజ పగిలి కలిసిపోయేదాకా ఉడికిస్తారు, కాంటన్ వాళ్లు జుక్ అంటారు. కాంజీ అన్న పేరు మాత్రం తమిళ కంజి నుంచి పోర్చుగీసువాళ్ల నోట పడి వెళ్లిందే, అంటే మన గంజికి చుట్టమే. పైన అల్లం సన్నగా తరిగి, ఉల్లికాడలు, సోయా సాస్, వేయించిన నువ్వుల నూనె రెండు చుక్కలు. వాళ్లు నూనెలో వేయించిన పొడవాటి పిండికడ్డీలు ముంచుకు తింటారు, మేం మద్దూరు వడ తుంచి ముంచుతాం, కరకరలాడుతూ ఉండగానే తినేయాలి. ఒక్కటే ఇబ్బంది. వీడియో కాల్‌లో గిన్నె చూసి మా అత్తయ్య, "ఎవరికమ్మా జ్వరం?" అంటారు.

ఈజిప్టు కొషారీ కూడా చేశాం. అన్నం, మసూర్లు, మాకరోనీ, శనగలు, వెనిగర్ కలిపిన టొమాటో సాస్, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు. రుచిలో మూడింట్లో ఇదే ముందు, కాకపోతే ఐదు గిన్నెలు తోమాలి. పనమ్మాయి రాని రోజు దాని జోలికి పోవద్దు.

ఆఫీసు రోజుల్లో నా ఓటు కాంజీకే, ట్రాఫిక్‌లోంచి ఊడిపడి అరగంట గరిటె తిప్పే ఓపిక నాకు లేదు. శనివారమైతే రిసోటోకి ఒప్పుకుంటాను, కానీ గరిటె ఆయన చేతిలో ఉండాలి, నేను పక్కనే గట్టు మీద కూర్చుని చీజ్ తురుముతా. సగం చీజ్ గిన్నెలోకి చేరదనుకోండి, అది వేరే సంగతి.