పాత రైలు కట్ట మీద సైకిళ్లు: మర్రే టు మౌంటెన్స్ దారి సమీక్ష

స్నేహితులతో సైకిల్ యాత్రకు దారి ఎంచేటప్పుడు నేను చూసేది ఒక్కటే. గుంపులో అందరికంటే వెనకపడే మనిషి సాయంత్రానికి నవ్వుతూ వస్తాడా, మూతి ముడుచుకుని వస్తాడా? ముందు తొక్కేవాళ్ల సంగతి వాళ్లే చూసుకుంటారు. ఈ లెక్కన ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు ఈశాన్య మూలన ఉన్న మర్రే టు మౌంటెన్స్ దారికి నేను చాలా ఎక్కువ మార్కులే వేస్తాను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉండే మా తెలుగు మిత్రబృందం కొన్నేళ్లుగా వేర్వేరు కాలాల్లో దీన్ని తొక్కుతోంది. మాలో జిమ్ వదలని కుర్రాళ్లున్నారు, ఏడాదికోసారి సైకిల్ దుమ్ము దులిపేవాళ్లున్నారు, కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన కూడా ఉన్నారు. ఆయనకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మేమంతా బాబాయి అంటాం. ఈ సమీక్షకు కొలబద్ద ఆయనే.

ఇది ఒకప్పటి రైలు మార్గం. 1850లలో బంగారం కోసం జనం ఎగబడినప్పుడు ఈ కొండల్లో ఊళ్లు వెలిశాయి. 1876లో బీచ్‌వర్త్‌కు, 1890లో బ్రైట్‌కు రైలు వచ్చింది. 1980లు ముగిసేసరికి ఆ రైళ్లన్నీ ఆగిపోయాయి. తర్వాత అదే కట్ట మీద చాలా భాగం తారు పరిచి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేశారు. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి నాటి ఇంజనీర్లు మిట్టను తవ్వి, పల్లాన్ని పూడ్చి, కొండను చుట్టి తీసుకెళ్లారు. వాళ్లు పడిన శ్రమ ఇవాళ మన మోకాళ్లను కాపాడుతోంది. వాంగరాటా నుంచి బ్రైట్ దాకా, మధ్యలో ఎవర్టన్ దగ్గర చీలి బీచ్‌వర్త్‌కు ఎక్కే పాయతో కలిపి, మొత్తం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పేరులో మర్రే ఉన్నా మేము తొక్కే భాగంలో ఆ నది ఎక్కడా కనిపించదు. లోయలో మనకు తోడుగా వచ్చేది ఓవెన్స్ నది, అది వెళ్లి మర్రేలో కలుస్తుంది.

తీరిగ్గా తొక్కితే నాలుగు రోజుల పని. మొదటి రోజు వాంగరాటా నుంచి బీచ్‌వర్త్, రెండో రోజు ఆ ఊళ్లోనే, మూడో రోజు దిగి మర్టిల్‌ఫర్డ్, నాలుగో రోజు బ్రైట్. గట్టివాళ్లు రెండు రోజుల్లో ముగించగలరు. కానీ అలా ముగిస్తే ఈ దారిలో ఉన్న సుఖం పోతుంది.

వాంగరాటా దాకా మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి ఆల్బరీ వెళ్లే రైలుంది. 2023 మార్చి నుంచి విక్టోరియాలో ఎంత దూరపు ప్రాంతీయ రైలుకైనా నగరపు రోజువారీ చార్జీ మించదు కాబట్టి ఖర్చు తేలిక. చిక్కల్లా సైకిళ్లతోనే. రైల్లో వాటికి చోటు కొద్దిగానే ఉంటుంది. ఆరేడుగురు ఒకే రైలు ఎక్కాలనుకోవడం అత్యాశ. మేము రెండు జట్లుగా విడిపోయి వేర్వేరు రైళ్లలో వెళతాం, లేదా సైకిళ్లు అక్కడే అద్దెకు తీసుకుంటాం.

ఊరు దాటాక మొదటి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు చదును నేల. గోధుమ రంగు పచ్చిక బయళ్లు, ఆవులు, ద్రాక్ష తోటలు. నిజం చెప్పాలంటే ఈ భాగం కొంచెం విసుగు. నీడ తక్కువ, ఎదురుగాలి వీస్తే ఇంకా కష్టం. పొద్దున్నే బయలుదేరి కబుర్లు చెప్పుకుంటూ దాటేయాలి.

అసలు పరీక్ష ఎవర్టన్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి బీచ్‌వర్త్ 16 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు సుమారు మూడు వందల మీటర్లు. అంకెలుగా చూస్తే పెద్దదేమీ కాదు, శ్రీశైలం ఘాటు ఎక్కినవాళ్లు నవ్వుతారు. అయితే ఘాటులో మలుపు తిరిగితే కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు. రైలు కట్ట అలా కాదు, ఒకే వాలు, ఆగకుండా, గంటన్నర పాటు. కళ్లకు చదునుగానే కనిపిస్తుంది, కాళ్లకు మాత్రం ఎవరో వెనక నుంచి సైకిల్ పట్టుకుని లాగుతున్నట్లుంటుంది. ఇక్కడ వేగం పెంచిన కుర్రాళ్లు సగంలో చతికిలబడతారు. మొదటి నుంచీ చిన్న గేరులో పెట్టుకుని పాట హమ్ చేసుకుంటూ తొక్కే బాబాయి వాళ్లను దాటుకుంటూ పోతారు. "తొందరేముంది రా, కొండ ఎక్కడికీ పోదు" అంటారు వెనక్కి చూడకుండానే. యూకలిప్టస్ అడవి, పైకి వెళ్లే కొద్దీ గ్రానైట్ బండలు, నీడ బాగుంటుంది. ఎవర్టన్ దాటితే పైదాకా దుకాణం లేదు, ఒక్కొక్కరికి రెండు సీసాల నీళ్లైనా ఉండాలి.

ఈ ఎక్కుడు వద్దనుకునేవాళ్లు బీచ్‌వర్త్‌ను వదిలేసి నేరుగా మర్టిల్‌ఫర్డ్ వైపు పోవచ్చు. నేనైతే వద్దంటాను. దారి మొత్తంలో చూడవలసిన ఊరు ఏదంటే బీచ్‌వర్త్ పేరే చెబుతాను. బంగారం రోజుల్లో తేనెరంగు రాతితో కట్టిన కోర్టు, జైలు, పోస్టాఫీసు అలాగే నిలబడి ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ కొందరికి వీరుడు, కొందరికి హంతకుడు అయిన బందిపోటు నెడ్ కెల్లీని 1880 ఆగస్టులో ప్రాథమిక విచారణకు నిలబెట్టింది ఈ కోర్టులోనే. ఆ నవంబరులో మెల్‌బోర్న్‌లో ఉరి తీశారు. పర్యాటకులంతా ఆ కథ వెంటే పడతారు. నన్ను ఆపింది మాత్రం ఊరి శ్మశానంలోని చైనా భాగం. గనుల్లో పని చేయడానికి వేల మైళ్లు వచ్చి ఇక్కడే కన్నుమూసిన చైనావాళ్ల కోసం కాగితాలు, కానుకలు కాల్చే రెండు బురుజులు అక్కడున్నాయి. 1857లో కట్టారు. అదే 1857 జూలైలో, బ్రైట్‌కు ఇవతల బక్‌లాండ్ లోయలో, తెల్లవాళ్ల గుంపు చైనా గని కార్మికులను కొట్టి తరిమేసింది. పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం వచ్చిన మాలాంటివాళ్లకు ఆ బురుజుల దగ్గర కాసేపు మాట రాదు. రెండో రోజు విశ్రాంతిని నేను ఈ ఊరికే కేటాయించమనేది అందుకే.

మూడో రోజు దిగుడు. నిన్న గంటన్నర పట్టిన దూరం ఇవాళ పెడలు దాదాపు తొక్కకుండానే అయిపోతుంది. గాలి చెవుల్లో హోరుమంటుంది, బ్రేకులు బాగున్నాయో లేదో ముందే చూసుకోవాలి. రోడ్లు దాటే చోట్ల కమ్మీలు అడ్డుపెట్టి ఉంటాయి, వేగంగా వస్తే తగులుతాయి. తర్వాత టేలర్ గ్యాప్ అనే చిన్న ఎక్కుడు దాటి, గ్యాప్‌స్టెడ్ మీదుగా ఓవెన్స్ లోయలోకి దిగుతాం.

బాబాయి మమ్మల్ని ఆపేసింది ఈ లోయలోనే. పొలాల మధ్య అక్కడక్కడా ఎత్తుగా, కిటికీలు లేని పాత కొట్లు. మేము ధాన్యం గిడ్డంగులేమో అనుకుంటూ పోతుంటే ఆయన సైకిల్ కంచెకు ఆనించి, "ఇవి మన బ్యారన్లే కదరా!" అన్నారు. బ్యారన్లంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు. కందుకూరు వైపు ఆయన సగం జీవితం పొగాకుతోనే గడిచింది. కర్రలకు ఆకు కట్టి, వరుసలుగా వేలాడదీసి, కింద గొట్టాల్లో వేడి పోనిచ్చి, రాత్రంతా మేలుకుని కనిపెట్టుకుని ఉండటం ఆయనకు కొట్టిన పిండి. ఇక్కడా పండింది అదే వర్జీనియా పొగాకు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఈ లోయలో దాన్ని పెద్ద ఎత్తున సాగు చేశాయి. 2006లో సాగు పూర్తిగా ఆగిపోయింది. ఆ నేలల్లో ఇప్పుడు ద్రాక్ష, పశువుల మేత, వాల్‌నట్, చెస్ట్‌నట్ చెట్లు. కొన్ని కొట్లు కూలిపోతున్నాయి, కొన్నింటిని వేరే పనులకు వాడుకుంటున్నారు. "కొనేవాడు వద్దంటే రైతు ఎక్కడైనా ఒకటే" అని, కంచె అవతలి తలుపు కొలతలు కంటితోనే వేసుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. మా జట్టులో గట్టిగా తొక్కేవాళ్లు అప్పటికే మర్టిల్‌ఫర్డ్‌లో కాఫీ తాగుతున్నారు. ఏమి పోగొట్టుకున్నారో వాళ్లకు ఇప్పటికీ చెబుతూనే ఉంటాం.

మర్టిల్‌ఫర్డ్ నుంచి బ్రైట్ ముప్పై కిలోమీటర్లు, మొత్తం దారిలో అతి అందమైనవి. యూరోబిన్ దగ్గర, బీరు తయారీలో వాడే హాప్స్ తోటలు, ఎత్తైన స్తంభాల మధ్య తీగలు పాకి అచ్చం మన తమలపాకు తోటల్లా ఉంటాయి. ఫిబ్రవరి చివర, మార్చిలో కోత. ఆ తర్వాత వెళితే మోడు స్తంభాలే. కుడివైపున బఫలో పర్వతం రాతి గోడలా లేచి నిలబడుతుంది. పోర్‌పంకా వంతెన దగ్గర నదిలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు, నీళ్లు వేసవిలోనూ చల్లగా కొరికేస్తాయి. ఎత్తు పెరుగుతూనే ఉంటుంది గానీ తెలియదు.

బ్రైట్ మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. ఏప్రిల్ రెండో సగంలో ఊరంతా ఎర్రగా, పసుపుగా ఆకులు రాల్చే చెట్లతో వెలిగిపోతుంది, ఆ మాట కాదనను. కానీ అప్పుడు గది దొరకదు, దొరికితే ధర కళ్లు తిరిగేలా ఉంటుంది, పైగా రెండు రాత్రులు తప్పనిసరి అనే చోట్లే ఎక్కువ. మేము మే మొదటి వారం దాటాక, పనిరోజుల్లో వెళ్లడం మొదలుపెట్టాక ఈ తలనొప్పి తగ్గింది. కారవాన్ పార్కుల్లో వంటగది ఉన్న క్యాబిన్లు మనవాళ్లకు హోటల్ గదులకంటే నయం.

ఎందుకంటే తిండి. శాకాహారులకు ఈ ఊళ్లలో బేకరీలో కూరగాయల పేస్టీ, పబ్బులో చీజ్ పిజ్జా, చిప్స్. మూడో రోజుకు నాలుక చచ్చిపోతుంది. పల్లె పబ్బుల్లో వంటగది రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకే మూసేస్తారు, ఆలస్యంగా చేరితే అంతే. మా సామాను ఊరి నుంచి ఊరికి చేరవేసే వ్యానులో చిన్న రైస్ కుక్కరు, కందిపప్పు, ఆవకాయ తప్పకుండా ఉంటాయి. మొదటి రోజుకు ఇంటి నుంచి పులిహోర. కుక్కరు మోయించడం నామోషీ అని మొదట నవ్విన మిత్రుడే ఇప్పుడు దాన్ని అందరికంటే ముందు సర్దుతాడు.

సైకిల్ విషయానికి వస్తే, కొద్దిగా వెడల్పు టైర్లున్న మామూలు సైకిల్ చాలు. తారు మీద చెట్ల వేళ్లు లేచి గతుకులైన చోట్లున్నాయి, గాలి వాన తర్వాత పుల్లలు, బెరడు పరుచుకుని ఉంటాయి. అంచు గడ్డిలోకి దిగకండి, పల్లేరు కాయల్లాంటి ముళ్లకు ట్యూబులు సమర్పించుకుంటారు. బాబాయికి బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకున్న ఏడాది నుంచి మోకాళ్ల మాట ఎత్తలేదు. అద్దె ఎక్కువే. కానీ భార్యాభర్తల్లో ఒకరు గట్టిగా తొక్కి, ఒకరు తొక్కలేనప్పుడు ఆ డబ్బు దండగ కాదు. హెల్మెట్ లేకపోతే జరిమానా. దాన్ని తప్పనిసరి చేసిన చట్టం 1990 నుంచీ విక్టోరియాలో ఉంది.

కాలం ఎంచుకోవడంలో జాగ్రత్త. జనవరిలో ఎండ నలభైకి చేరే రోజులుంటాయి, కార్చిచ్చు భయం వేరు. 2020 జనవరిలో బ్రైట్ చుట్టుపక్కల పర్యాటకులను ఊరు వదిలి వెళ్లమన్నారు. వేసవిలో అత్యవసర హెచ్చరికల యాప్ ఫోనులో లేకుండా కదలకూడదు. ఎండ కాసే దారి మీద పాములూ వస్తాయి, ఆగి దారి ఇస్తే వాటి దారిన అవి పోతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గూళ్లు కాపలా కాసే మ్యాగ్‌పై పిట్టలు వెనక నుంచి వచ్చి హెల్మెట్‌ను టపటపా పొడుస్తాయి. స్థానికులు హెల్మెట్ నిండా, కేబుళ్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు ముళ్లలా కట్టుకుంటారు. చూడటానికి నవ్వొస్తుంది, దెబ్బ తిన్నాక మనమూ కడతాం. చలికాలంలో పొద్దున పది దాకా లోయలో పొగమంచు. నా ఓటు మార్చికి, లేదా ఆకులు రాలి జనం వెళ్లిపోయిన మే నెలకు.

తిరుగు ప్రయాణం ఈ దారికి అతి పెద్ద లోపం. బ్రైట్‌కు రైలు లేదు, వాంగరాటాకు వెళ్లే బస్సులో సైకిళ్లు ఎక్కించుకోరు. వచ్చిన దారినే వెనక్కి తొక్కాలి, లేదా సైకిళ్లతో సహా తీసుకెళ్లే వ్యానును ముందే మాట్లాడుకోవాలి. మేమిప్పుడు తలకిందులుగా చేస్తున్నాం. వ్యానులో నేరుగా బ్రైట్ చేరి, అక్కడి నుంచి దిగువకు తొక్కి, బీచ్‌వర్త్ ఎక్కి దిగి, వాంగరాటాలో రైలెక్కుతాం. ముందు దారి చాలా వరకు పల్లానికే, ఎక్కుడు వచ్చేసరికి కాళ్లు సైకిల్‌కు అలవాటుపడి ఉంటాయి. వేగం, చెమట, పెద్ద కొండలు కావాలనుకునేవాళ్లకు ఈ దారి చప్పగా ఉంటుంది. వాళ్లు బ్రైట్‌లో దిగగానే హోథమ్ పర్వతం వైపు సైకిల్ తిప్పవచ్చు. మా కుర్రాళ్లను అలాగే పంపించి, వాళ్లు వచ్చేలోపు మేము పప్పు ఉడికించుకుంటాం.