ముందున్నదాన్ని అందుకోవాలంటే బ్రేకు వెయ్యాలి: కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్, ఏళ్ల తరబడి ఆడాక

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అంటే రాకెట్లు కట్టి, ఆకుపచ్చ బుడతల్ని ఎక్కించి అంతరిక్షంలోకి పంపే వీడియో గేమ్; అంతకు మించి పరిచయం చెయ్యడం దండగ. గ్రాఫిక్స్ సంగతీ, కెరీర్ మోడ్‌లో డబ్బు కూడబెట్టే సంగతీ వదిలేస్తున్నాను. ఎంతకాలం ఆడినా నాకు మోజు తీరనిది ఇందులో ఒక్కటే ఉంది: మ్యాప్ తెర మీద కక్ష్య గీతని నొక్కితే పుట్టుకొచ్చే మనూవర్ నోడ్, అంటే ఇంజిన్ ఎక్కడ, ఎటువైపు, ఎంత వేస్తే కక్ష్య ఎలా మారుతుందో ముందే గీసి చూపే గుర్తు. రాకెట్లు కట్టి పేల్చుకోవడం సరదాయే. అలాంటి సరదా వేరే ఆటల్లోనూ దొరుకుతుంది. ఆరు పిడులున్న ఈ చిన్న గుండ్రం లాంటిది మాత్రం నాకు మరెక్కడా తగల్లేదు.

ప్రోగ్రేడ్ (నౌక వెళ్తున్న దిశ) పిడి పట్టి లాగితే చుక్కల గీత ఉబ్బుతుంది. లాగిన చోట కాదు, కక్ష్యకి సరిగ్గా అవతలి వైపున. కెప్లర్ సూత్రాలు కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కినవాళ్ళు కూడా ఈ ఒక్క కదలికని చూసి కాసేపు ఆగిపోతారు. సూత్రం తెలియడం వేరు, చేతికి తెలియడం వేరు అని తత్వశాస్త్రంలో ఒక పాత వాదన ఉంది కదా, దానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు.

నోడ్ విలువ పూర్తిగా బయటపడేది రెండు నౌకల్ని కలపాల్సి వచ్చినప్పుడు. ఆటలో భూమిలాంటి గ్రహం కెర్బిన్ మీద 100 కిలోమీటర్ల ఎత్తున, గుండ్రటి కక్ష్యలో స్టేషన్ తిరుగుతోంది. అదే కక్ష్యలో మీరు 5 కిలోమీటర్లు వెనక ఉన్నారు. కొత్తగా ఆడేవాళ్ళు చేసే పని ఒకటే: ముక్కు స్టేషన్ వైపు తిప్పి ఇంజిన్ వెయ్యడం. సెకనుకు 10 మీటర్లు వేగం పెంచారనుకుందాం. వేగం పెరిగితే కక్ష్య పెద్దదవుతుంది. అంతకు ముందు 1958 సెకన్లలో అయ్యే చుట్టుకి ఇప్పుడు ఇంకో 26 సెకన్లు పడుతుంది. ఆ 26 సెకన్లలో స్టేషన్ దాదాపు 59 కిలోమీటర్లు వెళ్ళిపోతుంది. అంటే ఒక చుట్టు తిరిగొచ్చేసరికి మీరు 64 కిలోమీటర్లు వెనక.

చెయ్యాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. రెట్రోగ్రేడ్ వైపు, అంటే వెళ్తున్న దిశకి ఎదురుగా, తిరిగి సెకనుకు 0.85 మీటర్లు, అవును, మీటరు కూడా లేదు, అంత వేగం తగ్గిస్తే చాలు. కక్ష్య రవ్వంత కుంచించుకుంటుంది, చుట్టు తొందరగా అయిపోతుంది, తిరిగి అదే చోటికి వచ్చేసరికి స్టేషన్ పక్కనే ఉంటుంది. అక్కడ ఆ 0.85ని మళ్ళీ కలిపెయ్యాలి. లెక్క కావాలన్నవాళ్ళకి: ఒక చుట్టులో మారే దూరం ఇంచుమించు 3 × వేగంలో మార్పు × చుట్టు కాలం. గుండ్రటి కక్ష్యలకీ, చిన్న మార్పులకీ మాత్రమే ఇది పనికొస్తుంది. రెండు వందల మీటర్ల లోపలికి వచ్చాక గురిచూసి నెట్టినా ఫరవాలేదు, అంత తక్కువ సమయంలో కక్ష్య వంకర బయటపడదు.

ఈ తిరకాసులో పడింది ఆటగాళ్ళే కాదు. 1965 జూన్‌లో జెమిని 4 నడిపిన జేమ్స్ మెక్‌డివిట్ తన రాకెట్ పై దశకి దగ్గరగా వెళ్ళాలని దాని వైపే గురిపెట్టి నెట్టాడు. అది దూరం జరుగుతూ పోయింది, ఇంధనం అయిపోతోందని ఆ ప్రయత్నం మానుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో జెమిని 6ఏ, లెక్క ప్రకారం వెళ్ళి జెమిని 7 పక్కన అడుగు దూరం దాకా చేరింది. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటో నోడ్ మీద పది నిమిషాలు పిడులు లాగితే అర్థమవుతుంది.

పద్ధతి ఇది. స్టేషన్‌ని టార్గెట్‌గా పెట్టండి. ముందు కక్ష్యల వాలు సరిచెయ్యాలి: ఏఎన్ లేదా డీఎన్ గుర్తు (రెండు కక్ష్యల తలాలు కలిసే చోటు) మీద నోడ్ పెట్టి నార్మల్ (కక్ష్య తలానికి నిలువు) పిడి లాగుతూ కోణం సున్నాకి తేవాలి. ఇది దాటేసి ముందుకెళ్తే తర్వాత దగ్గరి దూరం కిందికి దిగకుండా మొండికేస్తుంది. తర్వాత కింది కక్ష్యలో కాచుకోండి. 80 కిలోమీటర్ల ఎత్తున చుట్టుకి 1875 సెకన్లు, 100 దగ్గర 1958. అంటే చుట్టుకి సుమారు 15 డిగ్రీల చొప్పున మీరే స్టేషన్‌ని అందుకుంటూ ఉంటారు. సమయం చూసుకుని ప్రోగ్రేడ్ పిడి లాగి, నోడ్‌నే గీత వెంట ముందుకీ వెనక్కీ జరుపుతూ, దగ్గరి దూరం 2 కిలోమీటర్ల లోపలికి తెచ్చుకోండి. ఆ చోటుకి చేరాక నావ్‌బాల్‌ని (దిశలూ వేగమూ చూపే గోళాన్ని) టార్గెట్ మోడ్‌లోకి మార్చి, రెట్రోగ్రేడ్ గుర్తు మీద నిలబడి సాపేక్ష వేగం సున్నా చెయ్యాలి. చాలామంది ఇక్కడ నావ్‌బాల్ ఆర్బిట్ మోడ్‌లోనే ఉందని గమనించరు. ఇంజిన్ వేస్తారు, స్టేషన్ మీద కాకుండా గ్రహం మీద లెక్కలో వేగం తగ్గిపోతుంది, పెరియాప్సిస్ (కక్ష్యలో గ్రహానికి అతి దగ్గరి చోటు) వాతావరణంలో మునుగుతుంది. డాకింగ్ పోర్ట్ (నౌకలు అతుక్కునే ద్వారం) దగ్గరికి వచ్చాక సెకనుకు 0.2, 0.3 మీటర్లు మించనివ్వకండి.

ఇంత పొగిడాను కదా, ఇక కాస్త వెనక్కి తగ్గాలి. నోడ్ గీసే గీత, మీ వేగం కన్ను మూసి తెరిచేలోగా మారిపోతుందన్న ఊహ మీద గీసింది. టెర్రియర్ ఇంజిన్‌తో చిన్న ల్యాండర్ నడిపితే ఆ ఊహకీ నిజానికీ తేడా కనబడదు. అదే నెర్వ్ అణు ఇంజిన్ పెట్టుకుంటే కనబడుతుంది. ఐఎస్‌పీ (ఇంధనం ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత) 800 సెకన్లు అని ఆశపడి 30 టన్నుల నౌకకి ఒకే నెర్వ్ తగిలిస్తారు. దాని థ్రస్ట్ (తోపు) 60 కిలోన్యూటన్లే. డ్యూనా గ్రహానికి బయల్దేరడానికి కావలసిన సుమారు 1050 మీ/సె పూర్తవడానికి 8 నిమిషాలు పైన ఇంజిన్ మండాలి. కింది కక్ష్యలో 8 నిమిషాలంటే పావు చుట్టు. నోడ్ చూపించిన దిశ మొదట్లో నేలకేసి, చివర్లో ఆకాశానికేసి అవుతుంది, చేరాల్సిన గీతకి దరిదాపుల్లో కూడా ఉండరు. విరుగుడు ఏమంటే మంటని ముక్కలు చెయ్యడం. పెరియాప్సిస్ దగ్గర రెండు నిమిషాలు, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ రెండు నిమిషాలు. ప్రతిసారీ సగం మంట నోడ్‌కి ముందు, సగం తర్వాత. చివరి మంట మాత్రం గ్రహం విడిచే సమయానికి సరిపడేలా చూసుకోవాలి.

సరే, అసలు కోపం దీని మీద కాదు. స్టేషన్ల మీద.

ఉన్నట్టుండి నౌకల్ని ముక్కలు చేసే పాత బగ్, క్రాకెన్, కథ చాలామందికి తెలుసు, దాన్ని మాత్రం బాగానే నయం చేశారు. ఒక చోటుని 32 బిట్ల ఫ్లోట్‌లో దాస్తే, దూరం పెరిగేకొద్దీ పక్కపక్క అంకెల మధ్య సందు పెరుగుతుంది. 600 కిలోమీటర్ల దగ్గర ఆ సందు 6 సెంటీమీటర్ల పైచిలుకు. కెర్బిన్ నుంచి సూర్యుడికి ఉన్న 1.36 కోట్ల కిలోమీటర్ల దగ్గర 1024 మీటర్లు! అంత ముతక కొలబద్ద మీద రెండు భాగాలు పక్కపక్కన ఎలా నిలబడతాయి? అందుకే ఆటలో మీ నౌకే ఎప్పుడూ సున్నా దగ్గర ఉంటుంది, విశ్వం దాని చుట్టూ జరుగుతుంది. కోపర్నికస్‌ని తిరగేసి సమస్య తీర్చారన్నమాట.

మిగిలింది జాయింట్ల జబ్బు. ఆటలో ప్రతి భాగమూ విడి వస్తువే. రెండింటినీ పట్టి ఉంచే జాయింట్ సైకిల్ సీటు కింద స్ప్రింగులా కాస్త ఊగుతుంది. స్టేషన్ ఇరవై ముప్ఫై భాగాలు ఉన్నంతకాలం గుట్టుగా ఉంటుంది. కొత్త మాడ్యూల్ ఒకటి వచ్చి డాక్ అవగానే మొదలవుతుంది. ముందు సోలార్ పలకలు అదురుతాయి. కంట్రోల్ ఉన్న భాగం ఒక డిగ్రీ వంగినట్టు ఎస్‌ఏఎస్ (నౌకని ఒకే దిశలో నిలిపి ఉంచే ఆటోపైలట్) గమనిస్తుంది, నౌకని తిప్పే చక్రానికి, అంటే రియాక్షన్ వీల్‌కి, తిప్పమంటుంది. ఆ వీల్ స్టేషన్ రెండో కొసన ఉంది. దాని తోపు ఇన్ని స్ప్రింగుల్ని దాటుకుని ఇవతలికి వచ్చేలోగా ఈ కొస తనంతట తానే వెనక్కి ఊగిపోయింది. ఇప్పుడొచ్చిన తోపు ఊగే వైపే పడుతుంది. ఎస్‌ఏఎస్ మళ్ళీ గమనిస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా తిప్పమంటుంది. అలా నాలుగైదు ఊపులు పెరిగాక మధ్యలో ఉన్న సన్నటి డాకింగ్ పోర్ట్ పుటుక్కుమంటుంది. వారాలు పెట్టి కట్టినది రెండు ముక్కలై, ఒక ముక్క కరెంటు లేకుండా పోతుంది.

వణుకు మొదలవగానే కీబోర్డు మీద T నొక్కి ఎస్‌ఏఎస్ ఆపండి, వెంటనే టైమ్ వార్ప్ (ఆటలో కాలాన్ని వేగంగా నడపడం) ఒక మెట్టు పెంచండి. వార్ప్‌లో భాగాల మధ్య భౌతికం ఆగిపోతుంది, ఊగు అక్కడికక్కడ గడ్డకడుతుంది. ఎస్‌ఏఎస్ ఆపకుండా వార్ప్ ఒక్కటే చేస్తే బయటికి రాగానే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ తర్వాత కంట్రోల్‌ని బరువు కేంద్రానికి దగ్గరున్న భాగానికి మార్చి, రియాక్షన్ వీల్‌ల అథారిటీని (బలాన్ని) మూడో వంతుకి తగ్గించి, సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్వీకబుల్స్ తెరిచి ఆటోస్ట్రట్ (భాగాల్ని కంటికి కనబడకుండా బిగించే ఊత) పెట్టాలి. అందరూ హెవియెస్ట్ పార్ట్ పెట్టమంటారు, నేను ఒప్పుకోను. ఇంధనం అటూ ఇటూ పంపితే అన్నిటికన్నా బరువైన భాగం మారిపోతుంది, స్ట్రట్‌లన్నీ ఒక్కసారిగా కొత్త చోటుకి దూకుతాయి, ఆ కుదుపే చాలు. గ్రాండ్‌పేరెంట్ పెట్టండి: ప్రతి భాగమూ తన తాతని, అంటే తను అతుక్కున్న భాగానికి ఆధారమైన భాగాన్ని, పట్టుకుంటుంది, ఇంధనంతో పనిలేదు. ఎడిటర్‌లో వలయంలా కట్టినా ఆటకి అది వలయం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. నౌక నిర్మాణం లోపల ఒక వేరు, దాన్నుంచి కొమ్మలు, అంతే. కొమ్మ కొసలు మళ్ళీ కలవవు. కలపాలంటే స్ట్రట్ వెయ్యాలి, లేదా రెండు డాకింగ్ పోర్ట్‌లు ఎదురెదురుగా పెట్టాలి. భాగాల సంఖ్య కూడా అదుపులో ఉండాలి. పైన గడియారం పసుపు రంగులోకి మారిందంటే లెక్క అందుకోలేక ఆట సమయాన్నే నెమ్మది చేసిందని అర్థం.

మనం ఉన్నదే ఒక సిమ్యులేషనేమో అని వాదించేవాళ్ళకి ఈ ఆట మంచి మేత. మీరు చూడని నౌకకి భాగాలుండవు, వేడి ఉండదు, స్ప్రింగులుండవు. కక్ష్యని చెప్పే ఆరు అంకెలు, అంతే. పెరియాప్సిస్ 40 కిలోమీటర్ల దగ్గర, అంటే వాతావరణం లోపలే ఉన్నా, మీరు వేరే నౌకలో ఉన్నంతకాలం గాలి దాన్ని తాకదు. ఎన్నేళ్లయినా తిరుగుతూనే ఉంటుంది. దాని మీదికి మారిన మరుక్షణం గాలి పుడుతుంది. ఇంకా కిందికి, దట్టమైన గాలిలోకి దిగితే మాత్రం ఆట దాన్ని చెరిపేస్తుంది. మనం చూడనప్పుడు చందమామ ఉండడా అని ఐన్‌స్టీన్ అడిగాడంటారు. ఇక్కడ జవాబు సూటిగా ఉంది: ఉంటాడు, కానీ పట్టాల మీద, అంటే ముందే గీసిపెట్టిన దారిలో.

ఆ పట్టాల వల్లే నోడ్ గురించి పైన చెప్పినదాన్ని ఇంకొంచెం తగ్గించుకోవాలి. ఈ ఆటలో ఒక సమయంలో లాగేది ఒక్క గోళమే. కెర్బిన్ చందమామ మున్ ప్రభావ గోళం అంచు దాటగానే కెర్బిన్ ఆకర్షణ మాయం. పెద్ద వార్ప్‌లో ఆ అంచు దాటితే అటువైపు పెరియాప్సిస్ మారిపోవడమూ ఉంది, అందుకని దాటే ముందు వార్ప్ బాగా తగ్గించాలి. రెండు గోళాల ఆకర్షణ కలిసి నౌకని నిలిపి ఉంచే చోట్లు, లాగ్రాంజ్ బిందువులు, లేవు కనుక జేమ్స్ వెబ్ లాంటి టెలిస్కోపుని గ్రహానికి వెనక నిలిపి ఉంచలేం. మున్ చుట్టూ 10 కిలోమీటర్ల ఎత్తున వదిలినది యుగాలపాటు అలాగే ఉంటుంది. నిజం చంద్రుడి చుట్టూ అపోలో 16 వదిలిన చిన్న ఉపగ్రహం, చంద్రుడి లోపల బరువు ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల, 35 రోజుల్లో నేలకి గుద్దుకుంది. ప్రిన్సిపియా అనే మాడ్ (ఆటకి అభిమానులు చేసిన చేర్పు) వేసుకుంటే అన్ని గోళాలూ ఒకేసారి లాగుతాయి. అప్పుడు జూల్ గ్రహం చందమామల అమరికే నిలవదు, ఆ మాడే దాన్ని కాస్త సర్ది నిలబెట్టాల్సి వచ్చింది.

కొలతల సంగతి మరొకటి. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లే అయినా గురుత్వం భూమిదే, అంటే ఆ గ్రహం సాంద్రత మహా బరువైన లోహం ఆస్మియం కన్నా రెండున్నర రెట్లు. దీనివల్ల కక్ష్య చేరడానికి 3400 మీ/సె చాలు, భూమి నుంచి అయితే దాదాపు 9400. ఒకే దశతో కక్ష్యకి వెళ్ళొచ్చే విమానాలు ఇక్కడ సులువుగా కుదురుతాయి. అది చూసి నిజం ఇంజినీర్లకి ఇది చేతకాలేదా అని వాదనకి దిగేవాళ్ళున్నారు. దయచేసి దిగకండి.

కొనాలా వద్దా అంటే నా జవాబు నా పరిస్థితిని బట్టే వస్తుంది. నేను ఆడేది పీసీలో, మాడ్‌లు వేసుకుని, రాత్రి ఓపిక ఉన్నప్పుడు గంటో రెండో. కక్ష్యలు చేతికి తెలియాలన్న కోరిక ఉంటే, స్టేషన్లు చిన్నవిగా కట్టుకుని సంతృప్తిపడితే, ఇప్పటికీ కళ్ళు మూసుకుని తీసుకోమంటాను. కెరీర్ మోడ్‌తో మొదలుపెడితే మాత్రం ట్రాకింగ్ స్టేషన్, మిషన్ కంట్రోల్ రెండింటినీ పెంచేదాకా నోడ్ చేతికే రాదు. ఇంత పొగిడింది దాని కోసమే కాబట్టి సాండ్‌బాక్స్‌లోనో సైన్స్ మోడ్‌లోనో మొదలుపెట్టడం మేలు. పెద్ద పెద్ద కట్టడాలే మీకు సరదా అయితే ఇది మిమ్మల్ని ఏడిపిస్తుంది. కన్సోల్‌లో ఆడేవాళ్ళకి మాడ్‌లు లేవు, పిడుల్ని కర్రతో లాగడం ఎలా ఉంటుందో నా అనుభవం చెప్పదు, కాబట్టి వాళ్ళు ఈ సమీక్షలో సగమే లెక్కలోకి తీసుకోవాలి. ఎవరైనా సరే, డాకింగ్‌కి ముందు ఎఫ్5 నొక్కండి.