రీకండిషన్ కంప్రెసర్ కొంటున్నారా? టాంకు నిండే టైము చూడకుండా డబ్బు కట్టొద్దు

రీకండిషన్ చేశామంటూ అమ్మిన 5 హెచ్‌పీ, రెండు స్టేజీల పిస్టన్ కంప్రెసర్ ఒకటి విప్పితే బయటపడిన సంగతులివి. పైన మాత్రం కొత్త పెయింటు.

ప్లేటు మీద 500 ఎల్‌పీఎం, అంటే నిమిషానికి 500 లీటర్లు అని ఉంది. అది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, సిలిండర్ కొలతల నుంచి కట్టిన లెక్క. మీ లైనుకొచ్చే గాలి ఎఫ్ఏడీ, అంటే ఫ్రీ ఎయిర్ డెలివరీ. మంచి మిషన్‌లో కూడా అది నూటికి డెబ్బై, ఎనభై వంతులే. తేల్చుకోవడం తేలిక. 220 లీటర్ల టాంకు పూర్తిగా ఖాళీ చేసి, అవుట్‌లెట్ మూసి, 0 నుంచి 7 బార్‌కు ఎంతసేపు పట్టిందో ఫోనులో చూడండి. 220ని 7తో గుణిస్తే 1540 లీటర్లు, దాన్ని నిమిషాలతో భాగించండి. ఈ సైజు మంచి పంపు సుమారు నాలుగు నిమిషాల్లో నింపాలి. దీనికి ఆరున్నర పట్టింది. అంటే నిమిషానికి 237 లీటర్లే. ప్రెషర్ గేజి మాత్రం మీ సొంతదే తీసుకెళ్లండి.

హెడ్ విప్పితే డెలివరీ వాల్వుల మీద బొగ్గు గట్టిగా పేరుకుని ఉంది. కంప్రెసర్ ఆయిల్‌కు బదులు చవక ఇంజిన్ ఆయిల్ పోస్తే ఇలాగే అవుతుంది. వాల్వు సరిగా కూర్చోదు, హెడ్ కాలిపోతుంది, డెలివరీ పైపులో ఆ బొగ్గు అంటుకునే ప్రమాదమూ ఉంది. విప్పనివ్వకపోయినా కొన్ని తెలుస్తాయి. నడుస్తుండగా సక్షన్ ఫిల్టర్ దగ్గర అరచెయ్యి పెట్టండి. గాలి వెనక్కి కొడుతుంటే ఎల్‌పీ (తక్కువ ప్రెషర్, మొదటి స్టేజీ) సక్షన్ వాల్వు పోయినట్టే. రెండు స్టేజీల మధ్య గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీది సేఫ్టీ వాల్వు మాటిమాటికీ లేస్తుంటే తప్పు రెండో స్టేజీ (ఎక్కువ ప్రెషర్) వాల్వులది. క్రాంక్‌కేసు గాలి వదిలే బ్రీదర్ నుంచి పొగ వస్తే పిస్టన్ రింగులు అరిగాయి.

తక్కువ గాలిని కప్పిపుచ్చడానికి మోటారుకు పెద్ద పుల్లీ వేస్తారు. స్పీడు పెరుగుతుంది, మోటారు కాలుతుంది. క్లాంప్ మీటర్ పెట్టి చూడండి: 415 వోల్టుల 5 హెచ్‌పీ మోటారు ఫుల్ లోడులో సుమారు 7.5 ఆంపియర్లు తీసుకోవాలి. ఫ్లైవీల్ గాలి సిలిండర్ వైపు తోస్తోందో లేదో కూడా చూడండి. ఫేజు మారితే ఉల్టా తిరుగుతుంది.

అన్నిటికన్నా భయం టాంకుతోనే. నీళ్లు నిలిచే అడుగు భాగం లోపలి నుంచి తుప్పు తింటుంది, బయట పుట్టీ పెట్టి రంగేస్తారు. డ్రెయిన్ చుట్టూ సుత్తితో మెల్లగా తట్టండి, పుట్టీ ఉన్నచోట మొద్దుగా పలుకుతుంది. గాలి పట్టకముందే తట్టాలి సుమా, ప్రెషర్‌లో ఉన్న టాంకు జోలికి పోవద్దు. 10 బార్ మిషన్‌కైతే 15 బార్ నీళ్ల టెస్టు సర్టిఫికెట్ అడగండి. గాలితో టెస్టు చేశామంటే ఒప్పుకోవద్దు. టాంకు పగిలితే నీళ్లు కారిపోతాయి, గాలి ప్రాణం తీస్తుంది.

వాక్యూమ్ పంపు కొనేవాళ్లకు ఒక్క మాట. హైదరాబాద్ ఎత్తులో వాతావరణ పీడనమే సుమారు 710 మిల్లీమీటర్ల పాదరసం, వాక్యూమ్ అంతకు మించి రాదు. బాలానగర్ షెడ్డులో గేజి 740 చూపిస్తే పంపు గొప్పది కాదు, గేజి తప్పు.