ఫ్రిజ్‌కి నాలుగు స్టార్లు, ‘స్వీప్‌స్టేక్స్’కి ఒకటి కూడా ఎక్కువే

కడప వై.వి. స్ట్రీట్ వైపు ఉండే ఒక ఎలక్ట్రానిక్స్ షాపు గురించి, పేరు చెప్పను గానీ దసరాకి ‘మెగా స్వీప్‌స్టేక్స్, స్కూటీ గెలుచుకోండి’ అని ఇంత పెద్ద బ్యానర్ కట్టినవాళ్ళే. సరుకులో వంక పెట్టడానికి లేదు. డబుల్ డోర్ ఫ్రిజ్ తీసుకున్నాం, ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో చూపిస్తే మారు మాట్లాడకుండా దానికే ఇచ్చారు, పాతదానికి ఎక్స్ఛేంజ్ కూడా న్యాయంగానే కట్టారు, సాయంత్రానికల్లా మేడ మీదికి మోసుకొచ్చి పెట్టిపోయారు.

గోలంతా ఆ బ్యానర్‌తోనే. బిల్లు కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన “ఏమప్పా, ఊడ్చే మిషన్ ఇస్తారా ఏంది?” అని అడిగితే, అక్కడి అబ్బాయి “లేదు పెద్దాయనా, లక్కీ డ్రానే, ఇంగ్లీషులో అట్ల పెట్టినారు” అన్నాడు. పెద్దాయన అడిగింది మరీ తప్పేం కాదు, ఆ మాటలో ఊడ్చడం ఉంది. స్టేక్ అంటే పందెంలో ఒడ్డిన సొమ్ము, అందరూ ఒడ్డినదాన్ని గెలిచినవాడు ఊడ్చుకుపోతే అది స్వీప్‌స్టేక్. ఇంగ్లీషులో 15వ శతాబ్దం నాటి మాట, తర్వాత గుర్రప్పందేల్లో బాగా స్థిరపడింది. ఐర్లాండ్‌లో అయితే 1930లో ఆసుపత్రుల నిధుల కోసం గుర్రప్పందేలకు ముడిపెట్టి ఈ పేరుతోనే టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు, 1987 దాకా నడిపారు. ఇప్పుడు అమెరికాలో అర్థం దాదాపు తిరగబడింది, ఏమీ కొనకపోయినా పేరిచ్చి చేరగలిగితేనే దాన్ని స్వీప్‌స్టేక్స్ అంటారు, కొంటేనే చేర్చుకుంటామంటే లాటరీ కిందికి వస్తుంది. మన షాపులో మాత్రం బిల్లు చేస్తేనే కూపన్!

ఆ కూపన్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘పన్నులు విజేతవే’ అని ఉంది. 10,000 రూపాయలు దాటిన బహుమతికి 30 శాతం పన్ను పడుతుంది, వస్తువైతే పన్ను కట్టాకే చేతికివ్వాలి, అంటే లక్ష రూపాయల స్కూటీ తగిలినా ముందు మనమే 30,000 తీయాలన్నమాట. డ్రా తేదీ ఉండాల్సిన చోట షాపు స్టాంపు గుద్ది పెట్టారు, చదవడానికే రాదు.

దీపావళి కూడా అయిపోయాక వెళ్ళి అడిగితే “తీసినారక్కా, ప్రొద్దుటూరు వాళ్ళకెవరికో తగిలిందంట” అన్నారు. ఎవరు, ఏ నంబరు అంటే ఓనర్‌కే తెలుసట. ఇట్లాంటి స్కీముల ఫలితాలు పాల్గొన్నవాళ్ళకు చెప్పకుండా దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి, కావాలంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. నాకు స్కూటీ రాలేదని ఏడుపు కాదు, గెలిచిన కూపన్ నంబరు ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

ఫ్రిజ్, వాషింగ్ మిషన్ కావాలంటే మాత్రం నిక్షేపంగా వెళ్ళండి. కూపన్ వద్దు, దాని బదులు ఇంకేదైనా ఇవ్వమని గట్టిగా అడగండి, మా వదిన అట్లే అడిగి ఫ్రిజ్ స్టాండు తెచ్చుకుంది.