కుంపటికి కొత్త జల్లెడ: తిరుపతిలో ఒక మరమ్మతు కొట్టు పనితనం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరగా, పాత్రలకు మాట్లు వేసే చిన్న కొట్టు ఒకటి ఉంది. బొగ్గుల కుంపటికి లోపలి మట్టి పూత, బొగ్గులు నిలిచే ఇనుప జల్లెడ, బూడిద తీసే కింది తలుపు మార్చి ఇచ్చే పని అక్కడ ఇప్పటికీ శ్రద్ధగా చేస్తున్నారు. ఇంటింటికీ గ్యాసు వచ్చిన తరువాత ఈ పని తెలిసినవారు బాగా తగ్గిపోయారు. రాగి సంగటికీ కంకులకూ పెరట్లో ఇంకా కుంపటి వెలిగించుకునే మా వంటి కుటుంబాలకు ఇలాంటి కొట్టు ఎంతో ఆసరా.

మా కుంపటి జల్లెడ మధ్యలో కుంగిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న మట్టి పూత బీటలు వారింది. అంతకుముందు మరొక చోట కొత్త జల్లెడ వేయించి ఏడాది కూడా తిరగలేదు. ఈ కొట్టు పెద్దాయన కొత్త జల్లెడ చూపించడానికి తొందరపడకుండా, ముందు పాతదాన్ని ఊడదీసి వెలుతురులో తిప్పి చూశారు. దాని అంచు మట్టికి ఒరుసుకుని నున్నబడిన చోట్లను వేలితో తడిమి నాకూ చూపించారు. "ఇది రేకు కోసి చేసిందమ్మా. పైగా సందు లేకుండా బిగించినారు. కాగినాక ఇనుము యాడికి పోతాది? మట్టిని తోస్తాది, లేదంటే తానే వంగుతాది" అన్నారు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. అడుగు వెడల్పున్న ఇనుము 600 డిగ్రీల మేర వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ కాస్త పెరుగుదలకు చోటు వదలకపోతే జల్లెడ ఎంత మందంగా ఉన్నా కుంపటి నిలవదు. ఆయన వేసిన పోత ఇనుము జల్లెడను మట్టి గట్టు మీద వదులుగా కూర్చోబెట్టి, చుట్టూ వేలిగోరు దూరేంత సందు ఉంచారు. చేత్తో ఎత్తితే పైకి వస్తుంది, కాబట్టి రేపు మార్చుకోవలసి వచ్చినా పూతను పగలగొట్టనక్కర లేదు. నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం ఇదే.

మట్టి పూత విషయంలోనూ ఆయన అడ్డదారి తొక్కలేదు. మామూలు సిమెంటు పూస్తే పని త్వరగా అవుతుంది గాని, 400 డిగ్రీలు దాటాక అది తనలోని నీటిని కోల్పోయి పొడిగా రాలిపోతుంది. ఆయన బంకమట్టిలో ఇసుక, వరి ఊక కలిపి, తడి బట్ట కప్పి ఊరనిచ్చి, ఆ తరువాతే పూశారు. ఇసుక వల్ల మట్టి ఆరేటప్పుడు ఎక్కువగా ముడుచుకోదు. ఊక కాలిపోయిన చోట మిగిలే సన్నని రంధ్రాలు వేడిని ఇనుప గోడ దాకా పోనివ్వవు. మునుపు పట్టుకోలేనంతగా కాలే పైగోడ ఇప్పుడు బాగా తక్కువ వేడెక్కుతోంది, బొగ్గు కూడా తక్కువ పడుతోంది.

లోపాలూ ఉన్నాయి. ధర ముందుగా చెప్పరు, రసీదు ఇవ్వరు. చెప్పిన రోజుకు పని పూర్తి కాలేదు. అయినా మొత్తం ఖర్చు కొత్త కుంపటి ధరలో మూడో వంతుకు మించలేదు. అంతకంటే పెద్ద లోపం, పూత ఎలా ఆరబెట్టాలో అడిగితే తప్ప చెప్పకపోవడం. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా విస్తరిస్తుంది కనుక, పచ్చి పూత మీద ఒక్కసారిగా నిప్పు పోస్తే అది పెచ్చులుగా ఊడిపోతుంది. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మొదట గుప్పెడు బొగ్గులతో, ఆరుబయట మాత్రమే వెలిగించాలి. మూసిన గదిలో కుంపటి ఎప్పుడూ పెట్టకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇంత ముఖ్యమైన మాటలు చిన్న కాగితం మీద అచ్చు వేయించి ప్రతి కుంపటితో పాటు ఇస్తే ఎంత బాగుంటుందో!

రాచగున్నేరిలో ఇనుప గొట్టాల కర్మాగారమే ఉన్న ఈ జిల్లాలో, ఇంటి కుంపటికి సరిపడే పోత జల్లెడ కోసం అంగళ్లన్నీ తిరగవలసి రావడం నాకు బాధగానే ఉంది. అందుకే దొరికినదాన్ని కాపాడుకోవాలి. బూడిద కింద పేరుకుంటే గాలి ఆడక జల్లెడ అడుగు చల్లబడదు, త్వరగా వంగుతుంది. కాబట్టి వెలిగించే ముందు ప్రతిసారీ కింది తలుపు తీసి దులపాలి. నిప్పు ఆర్పడానికి నీళ్లు చల్లితే పోత ఇనుము పగులుతుంది. పైన మూత పెట్టి, కింది తలుపు మూస్తే చాలు. రాక్షసి బొగ్గు వేడికి ఈ జల్లెడ తాళదు, కట్టె బొగ్గే వాడాలి.

జల్లెడ మాత్రమే కావలసినవారు కుంపటిని అంత దూరం మోసుకుపోనక్కర లేదు. లోపలి గట్టు వెడల్పును రెండు దిక్కులా కొలిచి, తక్కువ వచ్చిన కొలతను ఆయనకు చెప్పండి. వాడగా వాడగా ఆ గుండ్రం కోలగా మారిపోతుంది.