చలికాలపు ఎండలో మేడ మీది సోలార్: బెంగళూరు ఇంటి నుంచి ఒక సమీక్ష

బెంగళూరులో సోలార్ పెట్టించుకోవాలని చూస్తున్న మన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: చలికాలంలో కరెంటు సరిగ్గా వస్తుందా? కృష్ణరాజపురంలోని మా ఇంటి మేడ మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు ఉన్నాయి. సామర్థ్యం మూడు కిలోవాట్లకు కొంచెం పైన ఉంటుంది. బ్యాటరీ లేదు, బెంగళూరుకు కరెంటు ఇచ్చే సంస్థ బెస్కాం లైనుకు నేరుగా కలిపించాము. ప్యానెళ్ల పనితీరు మీద నాకు పూర్తి సంతృప్తి ఉంది కానీ, వాటిని బిగించిన సంస్థ ముందుగా మేడను చూసి చేసిన సర్వే మీద మాత్రం గట్టి అభ్యంతరం ఉంది.

ముందుగా ప్యానెళ్ల సంగతి. వీటికి కావలసింది వెలుగే తప్ప వేడి కాదు. వాటి మీద రాసి ఉండే వాట్ల లెక్క, ప్యానెల్‌లో కరెంటు తయారుచేసే సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటిది. అక్కడి నుంచి పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 60 డిగ్రీలకు కాగిన ప్యానెల్ ఆ లెక్కన 12 శాతం దాకా నష్టపోతే, జనవరిలో 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నష్టం 7 శాతమే. జూన్‌తో పోలిస్తే డిసెంబరులో పగలు గంటన్నర తక్కువన్నది నిజమే అయినా, ఆకాశం నిర్మలంగా ఉండటం, ప్యానెళ్లు దక్షిణానికి వాలి ఉండటం ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. ధనుర్మాసంలో పొద్దున్నే మంచు పట్టి ఎనిమిదింటి దాకా ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) నామమాత్రపు అంకె చూపినా, మంచి ఎండ కాసిన రోజు సాయంత్రానికి సుమారు 12 యూనిట్లు వస్తున్నాయి. మాకు దిగుబడి నిజంగా పడిపోయేది జూలై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టినప్పుడే. చెన్నైలో ఉన్నవారు మాత్రం ఈ లెక్కను యథాతథంగా తీసుకోకూడదు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బు ఉంటుంది.

చలికాలంలో జాగ్రత్త పడవలసింది దుమ్ము విషయంలో. డిసెంబరు నుంచి వానలుండవు కనుక దుమ్ము పేరుకుంటుంది. రాత్రి కురిసిన మంచుకు అది తడిసి, కిందికి జారి, ప్యానెల్ దిగువ అంచున ఫ్రేము వెంబడి వేలెడు వెడల్పున అట్ట కడుతుంది. గుడ్డ పెట్టి పొడిగా రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి. ఎండ ఎక్కకముందే నీళ్లు పోసి, మెత్తని మాప్‌తో తుడవాలి. బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్లని మరకలు మిగులుతాయి. కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు వాడటమే మేలు.

పొద్దున గీజర్ వేసే వేళకు ఎండ రాదు కాబట్టి ఆ కరెంటు బెస్కాం నుంచే వస్తుంది. మధ్యాహ్నం మనం లైనులోకి పంపిన యూనిట్లు, రాకపోకలు రెండూ లెక్కించే నెట్ మీటర్‌లో దానికి చెల్లు పడతాయి. కరెంటు పోతే మాత్రం, ఎంత ఎండ ఉన్నా, లైను మీద పనిచేసేవారి భద్రత కోసం ఇన్వర్టర్ కూడా ఆగిపోతుందని కొనేవారు ముందే తెలుసుకోవాలి. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్య ఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

ఇక నా అభ్యంతరం. వాస్తు ప్రకారం కట్టిన చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ మెట్ల గది, దాని పైన నీళ్ల ట్యాంకు నైరుతిలో ఉన్నాయి. రెండూ కలిపి పన్నెండు అడుగుల ఎత్తు. సంస్థవారు ఏప్రిల్ నెలాఖరులో వచ్చి, మధ్యాహ్నం నీడ దాదాపు నేరుగా తూర్పుకు పడుతుండటం చూసి, ఈశాన్యం ఖాళీగా ఉందని ప్యానెళ్లన్నీ అటు బిగించారు. డిసెంబరులో సూర్యుడు నైరుతి వైపు వాలతాడు కనుక నీడ ఈశాన్యానికే పడుతుంది. మూడు గంటల వేళకు పన్నెండు అడుగుల ఆ కట్టడం నీడ దాదాపు పదహారు అడుగులు సాగుతుంది. అది రెండు ప్యానెళ్లను కప్పేసేది. మావి సెల్‌లను సగానికి కోసి చేసిన హాఫ్ కట్ ప్యానెళ్లు, పైగా నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పంపే బైపాస్ డయోడ్లు ఉన్నాయి కనుక ఆరూ ఒకే వరుసలో కలిపి ఉన్నా మిగతావి చతికిలబడలేదు. అయినా మబ్బు తునక లేని రోజున కూడా ఫోన్‌లో ఉత్పత్తిని చూపే గ్రాఫ్ మూడింటికి ఒక్కసారిగా కిందికి దిగేది. ఆ దిగుడే వాళ్లకు చూపించాను. చలికాలంలో అంతేనండీ అని సరిపెట్టబోయారు గానీ, మేడ మీదికి తీసుకెళ్లి నీడ చూపించాక కాదనలేకపోయారు.

ఆ రెండింటినీ ఉత్తరపు గోడ వైపు జరిపాక సాయంత్రం దాకా గ్రాఫ్ నునుపుగా దిగుతోంది. పని శుభ్రంగా చేశారు, స్టాండు కాళ్ల చుట్టూ లీకు రాకుండా పూత కూడా వేశారు. అయితే అదనపు కేబుల్‌కు, కూలికి మా దగ్గరే డబ్బు తీసుకున్నారు. సర్వే వాళ్లది కాబట్టి అది న్యాయం కాదని అప్పుడే చెప్పాను, ఇప్పటికీ నా మాట అదే. మీరు ఎవరితో పెట్టించుకున్నా, డిసెంబరు 21న మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడ పడుతుందో గీసి ఇమ్మని, అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి.