పచ్చ గుర్తును నమ్మిన ఆరేళ్లు: డయోడ్ అరే డిటెక్టర్‌తో నా అనుభవం

మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే మా ప్రయోగశాల హెచ్‌పీఎల్‌సీ పరికరానికి, అనేక తరంగదైర్ఘ్యాలను ఒకేసారి చూసే డయోడ్ అరే డిటెక్టర్ అమర్చి ఆరేళ్లు దాటింది. పంపు గురించి, ఆటోశాంప్లర్ గురించి నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. అందరినీ విసిగించినట్టే అవి నన్నూ విసిగించాయి. నా ఫిర్యాదంతా ఒక్క సదుపాయం మీదనే ఉంది. అది పీక్ ప్యూరిటీ పరీక్ష, అంటే గ్రాఫ్‌పై లేచిన పీక్‌లో (శిఖరంలో) ఉన్నది ఒకే పదార్థమేనా అని చూడడం, ఒకటేనని తేలితే సాఫ్ట్‌వేర్ ఆ పీక్ పక్కన పెట్టే పచ్చ గుర్తు.

మొదటి ఏడాది ఆ గుర్తును నేను మనసారా మెచ్చుకున్నాను. అంతకుముందున్న డిటెక్టర్ ఒక్క తరంగదైర్ఘ్యాన్నే చూసేది. పదార్థం ఎన్నో నిమిషంలో కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) దాటిందన్నదే దానికి తెలిసిన ఆనవాలు కనుక, రెండు పదార్థాలు జంటగా వస్తే వాటిని కలిపి ఒకటిగా లెక్కగట్టేది. ఒక శీతల పానీయం నమూనాలో కెఫీన్ ఉండవలసిన దానికన్నా ఎక్కువ తేలినప్పుడు కొత్త డిటెక్టర్ పీక్ పొడవునా స్పెక్ట్రమ్‌లు (ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని పదార్థం ఎంత పీల్చిందో చూపే రేఖలు) తీసి, ముందు అంచుకూ వెనుక అంచుకూ పొంతన లేదని ఎర్ర గుర్తు పెట్టింది. ముందు అంచులో కెఫీన్‌కు సహజమైన 273 నానోమీటర్ల గరిష్ఠం స్పష్టంగా ఉంది. వెనుక అంచులో 230 దగ్గర బలమైన శోషణ కనిపించింది, అది బెంజోయిక్ ఆమ్లానిది. ఆ ఆమ్లపు పీకేఏ (ఆమ్లం సగం అయాను రూపంలో ఉండే పీహెచ్) 4.2 కనుక మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రవం) పీహెచ్‌ను 3కు దించాము. అయాను రూపం వదిలిన ఆమ్లం, 18 కార్బన్ల గొలుసులు అతికించిన సీ18 కాలమ్‌ను గట్టిగా పట్టుకుని ఆలస్యంగా వచ్చింది, కెఫీన్ ఉన్నచోటే ఉండిపోయింది. ఒక్క పూటలో తేలిపోయిన ఆ వ్యవహారం తరువాత నేను ఎర్ర గుర్తును నమ్మాను, దాంతోపాటు పచ్చ గుర్తును కూడా నమ్మేశాను. పొరపాటు అక్కడే జరిగింది.

మా దగ్గరికి తరచుగా వచ్చే నమూనాలు చర్మానికి రాసే క్రీములు, వాటిలో మేము కొలిచేది పారాబెన్‌లు అనే నిల్వకారకాలు. మిథైల్, ఇథైల్, ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్‌లు గొలుసు పొడవు పెరిగిన కొద్దీ ఆలస్యంగా, ఆ వరుసలోనే బయటికి వస్తాయి. కొత్తగా చేరినవారికి పని నేర్పడానికి ఇంతకన్నా అణకువ గల నమూనా దొరకదు. బ్యూటైల్ పారాబెన్ 9వ నిమిషం దగ్గర వచ్చేది, పక్కన పచ్చ గుర్తు పడేది, నేను సంతకం చేసేవాణ్ణి. ఇలా నాలుగేళ్లు గడిచాయి.

ఒకరోజు కాలమ్ ఓవెన్ హీటర్ పాడైంది. 40 డిగ్రీల వద్ద ఉండవలసిన కాలమ్ గది ఉష్ణోగ్రతకు దిగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. వేడి తగ్గితే పదార్థాలు కాలమ్‌లో ఎక్కువసేపు నిలుస్తాయి కనుక పీక్‌లన్నీ ఆలస్యమయ్యాయి, అది ఊహించదగినదే. కానీ ఒక క్రీము నమూనాలో బ్యూటైల్ పారాబెన్ పీక్ 12వ నిమిషం దగ్గర రెండు కొనలతో వచ్చింది, ఆ కొనల నడుమ చిన్న లోయ కూడా ఉంది. కాలమ్ చెడిపోయిందేమోనని స్టాండర్డ్‌ను (పోలిక కోసం ఉంచుకున్న స్వచ్ఛమైన పదార్థాన్ని) మళ్లీ ఇంజెక్ట్ చేశాను, అది ఒకే కొనతో నున్నగా వచ్చింది. ఇక అనుమానించవలసింది నమూనానే. ఆ రెండు కొనల పీక్ పక్కన కూడా పచ్చ గుర్తు యథాప్రకారం వెలుగుతూనే ఉంది! కంటికి కనిపించే లోయను కూడా కాదనే ఆ నిబ్బరాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

తీరా చూస్తే తప్పు సాఫ్ట్‌వేర్ లెక్కలో లేదు. మొదటి కొన ఐసోబ్యూటైల్ పారాబెన్‌ది, రెండవది బ్యూటైల్ పారాబెన్‌ది. కాంతిని పీల్చే భాగం రెండింటిలోనూ ఒకటే. తేడా అంతా తోకలోని నాలుగు కార్బన్లు నిటారుగా ఉన్నాయా, కొమ్మగా చీలాయా అన్నదానిలోనే ఉంది. రెండింటి గరిష్ఠమూ 256 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. అణుభారాన్ని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపుదామా అంటే అణుభారం కూడా రెండింటికీ 194. అయినా వాటిని విడదీయక తప్పదు, ఎందుకంటే యూరోపియన్ యూనియన్ 2014లో సౌందర్య సామగ్రిలో ఐసోబ్యూటైల్ పారాబెన్‌ను నిషేధించి, బ్యూటైల్ పారాబెన్‌ను పరిమితితో అనుమతించింది. చివరకు మమ్మల్ని గట్టెక్కించింది పాత పద్ధతే: రెండు స్టాండర్డ్‌లను విడివిడిగా ఇంజెక్ట్ చేయడం, తరువాత ఒక్కొక్కదాన్ని నమూనాలో కొద్దిగా కలిపి ఏ కొన పెరుగుతుందో చూడడం. హీటర్ బాగుపడినా కాలమ్‌ను 25 డిగ్రీల వద్దనే ఉంచి, మొబైల్ ఫేజ్‌లో మిథనాల్ తగ్గించాము. పరుగు చాలా పొడవైంది గానీ రెండు పీక్‌లూ అడుగు వరకు విడిపోయాయి.

1906లో ఇలా పదార్థాలను విడదీసే పద్ధతికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టిన రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ సుద్దపొడి నింపిన గొట్టంలో ఆకు వర్ణకాలను విడదీసినప్పుడు, పసుపు రంగువే ఒకటికి మించిన పట్టీలుగా ఏర్పడ్డాయి. రంగు దగ్గరదైనా చోటు వేరు గనుక పదార్థాలు వేరని ఆయన గుర్తించాడు. మేము దాన్ని తలకిందులు చేసి, రంగు ఒకటే గనుక పదార్థమూ ఒకటే అనుకున్నాము.

మరో సంగతి కూడా చెప్పాలి, ఇది పడినవారికి గాని తెలియదు. డ్యుటీరియం ల్యాంప్ పాతబడిన కొద్దీ సిగ్నల్‌లో రొద పెరుగుతుంది. మా సాఫ్ట్‌వేర్ ఆ రొదను లెక్కలోకి తీసుకుని, ఎంత తేడాను పట్టించుకోవాలన్న హద్దును సడలిస్తుంది. అంటే ల్యాంప్ ముసలిదైన కొద్దీ పచ్చ గుర్తు సులభంగా దొరుకుతుంది. కొత్త ల్యాంప్ వేసిన మర్నాడు ఎర్ర గుర్తులు పెరిగితే కంగారుపడకండి, నిన్నటి పచ్చ గుర్తులను మాత్రం ఒకసారి తిరగేయండి.

ఇంత చెప్పినా ఈ డిటెక్టర్‌ను వదులుకోను. మాకు వచ్చే నమూనాలలో ఏముండవచ్చో ముందే చాలావరకు తెలుసు, స్టాండర్డ్‌లు అలమరాలో ఉన్నాయి, ఎర్ర గుర్తు పడినప్పుడు అది ఎన్నడూ వృథా పోలేదు. లోపల ఏముందో తెలియని నమూనాలు రోజూ వచ్చే చోట నేను పనిచేస్తుంటే బహుశా మాస్ డిటెక్టర్ కోసమే పట్టుబట్టేవాణ్ణి, దానితోనూ ఐసోమర్ల (ఒకే అణుభారంతో, వేరే అమరికతో ఉండే పదార్థాల) తలనొప్పి తీరేది కాదనుకోండి. ప్రస్తుతానికి మా నివేదికలో పచ్చ గుర్తు పడే గడిని తీసేయించి, పీక్ ముందు, నడుమ, వెనుక తీసిన మూడు స్పెక్ట్రమ్‌ల బొమ్మను, కాలమ్ ఉష్ణోగ్రతను అక్కడ అచ్చు వేయిస్తున్నాను.